గడియమ్మ తలుపు తీసిన వైనం

ఆ సోమవారం ఉదయం పుప్పొడి ప్రపంచానికి అంకితమైంది. ప్రపంచానికి ఆ పూట వేరే పనులున్నట్టున్నాయి, అది రాలేదు. వేడుకకు హాజరైనవారు పరిశోధనశాల మేడమీది గదిలో పనిచేసేవాళ్లూ, పక్క విభాగాలనుంచి మర్యాదకు వచ్చినవాళ్లూ, బిస్కెట్ల వాసన పసిగట్టి వచ్చినవాళ్లూను. విభాగాధిపతి డాక్టరుగారు కంప్యూటరు ముందు నిలబడి, కళ్లజోడు సవరించుకుని, సభను ఒకసారి కలయజూశారు. గదిలోకి కొత్త కుర్చీ వచ్చినా దాని ఆవశ్యకత గురించి నాలుగు మాటలు చెప్పిగాని ఎవరినీ కూర్చోనివ్వని మనిషి ఆయన. అటువంటివారికి ఒక సాఫ్ట్‌వేరును లోకానికి ఉచితంగా ధారాదత్తం చేసే సందర్భం దొరికితే ఆగుతారా?

"నేడు మనం నొక్కుతున్నది ఒక మీట కాదు," అన్నారు చూపుడువేలు గాలిలో నిలబెట్టి. "ఒక యుగాన్ని నొక్కుతున్నాం!"

నొక్కారు. యుగం చలించిన సూచనలేవీ కనిపించలేదు. తెరమీద ఎక్కడిదక్కడే ఉంది. చప్పట్లకు సిద్ధమైన చేతులను సైగతో ఆపి, వెనకనుంచి కొత్తాయన వంగి చెవిలో చెప్పాడు: "సార్, మీరు నొక్కింది క్యాప్స్ లాకండీ. ఇటు, కుడివైపు పెద్దది."

ఈ కొత్తాయన ఆ గదికి వచ్చి చాలా ఏళ్లయింది. అతని తరవాత ఇంకెవరూ రాకపోవడంవల్ల కొత్తదనం అతన్ని వదల్లేదు. చెవుల దగ్గర నెరిసిన వెంట్రుకలు కూడా దాన్ని వదిలించలేకపోయాయి. డాక్టరుగారు ఏమాత్రం తొణకకుండా కుడివైపు పెద్దదాన్ని నొక్కారు. చప్పట్లు మోగాయి. పుప్పొడి ఓపెన్ సోర్స్ అయింది. అంటే ఇకమీదట దాని కోడును ఎవరైనా చదవవచ్చు, వాడుకోవచ్చు, తప్పు కనబడితే దిద్ది పంపవచ్చు.

ఈ యాగానికంతటికీ అసలు కర్త గది మూలన గోడకు చేరగిలబడి, చేతిలోని బిస్కెట్టు తినడం మరచి నిలబడి ఉంది. ఆమె పేరు హాజరుపట్టీకి తప్ప మరెవరికీ గుర్తులేదు. గదిలోనూ, వరండాలోనూ ఆమె గడియమ్మ. పుప్పొడిని పుట్టించినదీ, పెంచినదీ ఆమే. దానిలోకి ఒక్క కామా దూరాలన్నా ఆమె కళ్లముందునుంచే దూరాలి. కొత్తాయన రాసిన సవరణలు ఆమె బల్లమీద వారాలతరబడి పడిగాపులు పడి, సగం కత్తిరింపులకు గురై, బతికి బట్టకట్టినవి లోపలికి వెళ్లేవి. తలుపుకు గడియ ఎలాగో పుప్పొడికి ఆమె అలాగ.

పుప్పొడి చేసే పని వినడానికి చిన్నదే. గాలిలో తేలే పుప్పొడిని జిగురు పూసిన గాజుపలకమీద పట్టి, సూక్ష్మదర్శిని కింద ఫొటో తీసి చూపిస్తే, ఎన్ని రేణువులున్నాయో, వాటిలో గడ్డిదేదో చెట్టుదేదో లెక్క చెబుతుంది. మనిషి చేస్తే మెడ పట్టేసి కళ్లవెంట నీళ్లు కారే పని అది. ఈ లెక్క చూసుకునే ఊళ్లో ఆయాసమున్నవాళ్లు కిటికీలు తెరవాలో మూయాలో తేల్చుకుంటారు. ఇంత ఉపకారం చేస్తున్నదాన్ని ఇప్పుడు వీధిలో పెట్టడమెందుకంటే, పై వారం చివరితో ఆ విభాగమే మూతపడుతోంది. డాక్టరుగారు పదవీ విరమణ చేస్తున్నారు. గడియమ్మనూ కొత్తాయననూ ఎదుటి భవనంలోని సిమెంటు దుమ్ము విభాగానికి బదిలీ చేశారు. పైవాళ్ల ఆజ్ఞ స్పష్టంగానే ఉంది: ఈలోగా బయటివాళ్లెవరైనా పుప్పొడి బాగోగులు చూసుకోవడానికి ముందుకొస్తే సరేసరి, లేకుంటే ఆఖరి సాయంత్రం దాన్ని ఆపేసి, కంప్యూటరును సామానుగదికి పంపాలి.

గడియమ్మ బిస్కెట్టును తినకుండానే జేబురుమాలులో చుట్టి సొరుగులో పెట్టింది. ఎవరొస్తారు? రావడానికి పుప్పొడి అనేదొకటున్నట్టు ఎవరికి తెలుసు?

మొదటి రెండు రోజులూ ప్రపంచం నోరు మెదపలేదు. డాక్టరుగారు తమ గదిలోనుంచి అప్పుడప్పుడు తల బయటపెట్టి విచారించేవారు.

"ప్రపంచం వచ్చిందా అమ్మా?"

"ఇంకా దారిలో ఉన్నట్టుంది సార్."

బుధవారం వచ్చింది. ఇంటర్నెట్టులో పుప్పొడి వాడేవాళ్లు రాసుకునే చర్చాపుటలో మొట్టమొదటి ఉత్తరం. ఆ పుటల్లో ఎవరికి నచ్చిన మారుపేరు వాళ్లు పెట్టుకోవచ్చు గనుక, రాసినావిడ పేరు తుమ్ములరాణి.

"నమస్కారమండీ. మాది ఊపిరితిత్తుల ఆసుపత్రిలో చిన్న ల్యాబు. మీ పుప్పొడి మాకు భలే పనికొస్తోంది. కాకపోతే పలకమీద గాలిబుడగ ఉంటే దాన్ని కూడా గడ్డి రేణువని లెక్కేసేస్తోంది. మొన్న వానకి గాలంతా కడుక్కుపోయిన రోజున కూడా ఎటు చూసినా గడ్డి పుప్పొడే అని చెప్పి మమ్మల్ని హడలగొట్టింది. బుడగకి అంచు నల్లగా, మందంగా ఉంటుంది కదా, దాన్నిబట్టి వదిలేసేలా ఒక సవరణ రాశాను. జత చేశాను. తప్పులుంటే చెప్పండి, దిద్దుకుంటాను."

గదిలో పండుగ వాతావరణం నెలకొంది. కొత్తాయన కుర్చీ చక్రాలమీద దొర్లుకుంటూ గడియమ్మ బల్ల దగ్గరికి వచ్చాడు. డాక్టరుగారు టీకప్పుతో సహా తరలివచ్చారు. ముగ్గురూ తెరలో తలలు దూర్చి, ఆవిడ జతచేసిన వానరోజు ఫొటోల్లో బుడగలు వెతికి, ఒక్కొక్కదాన్నీ వేలితో పొడుస్తూ మురిసిపోయారు.

"నల్ల అంచు! ఇంత చిన్న సంగతి మనకెందుకు తట్టలేదంటారు?" అన్నాడు కొత్తాయన.

"వానరోజున మనం పలకలు పెట్టం కాబట్టి," అంది గడియమ్మ. "తడుస్తామని."

"అద్భుతం! ఇది కదా విజ్ఞానవసుధైకకుటుంబం అంటే!" అని డాక్టరుగారు టీ పూర్తయ్యేవరకూ ఆ అజ్ఞాత మహిళను కొనియాడారు. సూక్ష్మదృష్టి అన్నారు, నిస్వార్థసేవ అన్నారు, ఆవిడను కన్నవాళ్లను కూడా విడిచిపెట్టలేదు.

టీ అయింది. సభ చెదిరింది. కొత్తాయన తన బల్లవైపు దొర్లుకుంటూ సగం దూరంలో ఆగాడు.

"ఆవిడకేమైనా రాయాలా మేడమ్?"

"రాసేదేముంది? ముందు పని కానీ."

పని అంటే, గడియమ్మ దృష్టిలో, శుభ్రం చేయడం. తుమ్ములరాణి సవరణ చక్కగా పనిచేస్తోంది. కాని ఆవిడ తన లెక్కలకు పెట్టుకున్న పేర్లు చూస్తే గడియమ్మకు వెన్ను జలదరించింది. ఒకదాని పేరు బుడగ1, మరొకదాని పేరు అసలుబుడగ. అన్నిటికన్నా ముఖ్యమైనదాని పేరు అయ్యబాబోయ్‌బుడగ. వరసలు ఎగుడుదిగుడుగా ఉన్నాయి. ఒకచోట ఖాళీలు రెండు, ఒకచోట అయిదు. గడియమ్మ కొంగు నడుముకు బిగించి, కిటికీ తెర కిందికి లాగి, దిద్దడానికి కూర్చుంది. ముందు పేర్లు మార్చింది. పేర్లు మార్చాక వాక్యాలు నప్పలేదు, వాక్యాలు మార్చింది. వాక్యాలు మారాక అసలు నడకే వేరుగా ఉంటే బాగుండుననిపించింది, నడక మార్చింది. సాయంత్రానికి దానిలో తుమ్ములరాణిది నల్ల అంచు అన్న ఊహ ఒక్కటే మిగిలింది. అంచు కుట్టిన చీరలా తళతళలాడుతున్న ఆ కోడును గడియమ్మ మురిపెంగా పైనుంచి కిందికి ఒకసారి చూసుకుని, లోపలికి పంపింది. రాసినవారి పేరు దానంతటదే పడుతుంది. ఆ పుటల్లో కూడా ఆమె గడియమ్మే గనుక, గడియమ్మ పేరు పడింది. చర్చాపుటలో ఆవిడ ఉత్తరం కింద "బుడగల సమస్య పరిష్కరించబడినది. ధన్యవాదములు" అని రాసి, ఆ చర్చను మూసేసి, ఒక సత్కార్యం చేసిన మనిషి నడిచే నడకతో బస్సు దగ్గరికి వెళ్లింది.

మరునాడు పొద్దున్నే చర్చాపుటలో ఇద్దరి మాటలు కనిపించాయి. ఒకరు తుమ్ములరాణి. రెండో ఆయన పేరు తేనెపట్టు. తేనెటీగలు పెంచుతాడట, తేనె ఏ పువ్వుదో తేల్చుకోవడానికి పుప్పొడి వాడుతున్నాడట. ఈ గదివాళ్లెవరూ అక్కడ లేనట్టే వాళ్లిద్దరూ మాట్లాడుకుంటున్నారు.

"మీరు పంపిన బుడగల సవరణ ఏమైందండీ?" అని అడిగాడు తేనెపట్టు. "నేను కూడా ఒకటి రాశాను, పంపుదామా అని."

"ఏమోనండీ. నాది పక్కన పడేసి, వాళ్లే మళ్లీ మొదట్నుంచీ రాసుకున్నారు. నాది ఎక్కడ తప్పో చెప్పలేదు. వాళ్లింట్లో వాళ్లు మాట్లాడుకున్నట్టున్నారు. మనం వీధిలో నిలబడ్డాం."

"అలాగైతే నేను పంపనులెండి."

"నేను కూడా అంతేనండీ. మా ల్యాబు కాపీ వరకూ నేనే దిద్దుకుంటా. ఎవరి గోల వాళ్లది."

గడియమ్మ దాన్ని మళ్లీ మళ్లీ చదివింది. మొదట ఆమెకు కోపం వచ్చింది. తీరిక చేసుకుని, మెడ నొప్పెట్టేలా కూర్చుని, ఆవిడ గజిబిజిని ఒక రూపుకు తెస్తే ఇదా బహుమానం? ఈ మాటే పైకి అంటే కొత్తాయన బుర్ర గోక్కుని, "పోనీలెండి మేడమ్, జనమే అంత," అన్నాడు. ఆ ఓదార్పు ఎందుకోగాని ఆమెకు హాయినివ్వలేదు. ప్రపంచం వచ్చింది, వాకిట్లో నిలబడింది, వెళ్లిపోతోంది. అది వెళ్లిపోతే పుప్పొడి వెళ్లేది సామానుగదికే.

ఆ సాయంత్రం అత్తగారికి మోకాలు పట్టేసిందని వంట గడియమ్మ చేసింది. ఆ ఇంట్లో పొయ్యి అత్తగారి సామ్రాజ్యం. కోడలు అందులో తరిగిపెట్టే సామంతురాలు. చక్రవర్తినికి అస్వస్థత చేసినప్పుడు మాత్రం తాత్కాలికంగా గరిటె ధరిస్తుంది. బంగాళాదుంపల కూర దించి, మూతపెట్టి, గడియమ్మ చేతులు కడుక్కుంటూ ఉండగానే వెనకనుంచి కుంటుకుంటూ అడుగుల చప్పుడు వినిపించింది.

"అత్తయ్యా, కూర్చోమన్నానా!"

"కూర్చునే ఉన్నానే. ముట్టుకోను. ఒక్కసారి వేడిచేస్తానంతే."

మూత లేచింది. పొయ్యి వెలిగింది. ఒక చిటికెడు ఏదో పడింది, మరో చిటికెడు ఇంకేదో పడింది, గరిటె నాలుగు చుట్లు తిరిగింది. అత్తగారు అరచేతిలో ఒక చుక్క వేసుకుని నాలుకకు తగిలించి, కళ్లు మూసి, తెరిచి, తీర్పు చెప్పారు: "ఇప్పుడయింది కూర."

భోజనాల దగ్గర గడియమ్మ భర్త మొదటి ముద్దకే తలూపాడు. "అమ్మా, ఈ పూట కూర అదిరిందే!"

గడియమ్మ చేయి నోటిదాకా వెళ్లి ఆగింది. కంచంలో కూరవైపు చూసింది, అత్తగారివైపు చూసింది, ఉన్నట్టుండి పకపకా నవ్వింది.

"ఎందుకే ఆ నవ్వు? ఉప్పెక్కువైందా?"

"లేదత్తయ్యా. బ్రహ్మాండంగా ఉంది. ఇంతకీ ఈ కూర ఎవరు చేశారు?"

"ఎవరు చేశారేంటి? నువ్వే ఉడకేశావు. నేను దాన్ని కూర చేశానంతే."

"అంటే పెళ్లైనప్పట్నుంచీ నేను ఉడకేస్తూనే ఉన్నానన్నమాట."

"మరి? ఉడకేయడం తక్కువ పనా ఏంటి? పచ్చిది తినలేంగా!"

భర్త అనాదిగా తటస్థ రాజ్యం. కంచంలోనుంచి తల ఎత్తలేదు. గడియమ్మ మాత్రం నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకుంది. చవి చూడకుండానే గిన్నె లాక్కున్నారని ఎన్ని పూటలు లోలోపల కుమిలిపోయింది! నిన్న మధ్యాహ్నం తాను చేసింది అచ్చం ఇదే కదా. ఎవరో మొహమాటపడుతూ, తప్పులుంటే చెప్పమని మరీ గిన్నె తెచ్చి ఇచ్చారు. తాను మళ్లీ పొయ్యిమీద పెట్టి, నాలుగు చుట్లు తిప్పి, తన పేరు పెట్టి వడ్డించింది. అత్తగారికైనా మోకాలినొప్పితో లేచి వచ్చిన కష్టముంది.

"ఇంకొంచెం వెయ్యండత్తయ్యా, మీ కూర," అంది. అత్తగారు అనుమానంగానే వేశారు.

శుక్రవారం ఉదయం గడియమ్మ అందరికన్నా ముందు గదికి చేరింది. తన తళతళలాడే కోడును బయటికి తీసేసింది. తుమ్ములరాణి పంపినదాన్ని పంపినట్టే, ఆవిడ పేరుతో, లోపలికి చేర్చింది. ఖాళీలు అయిదున్నచోట వేళ్లు ఆగాయి. ఒక్కదాన్నైనా చెరపాలని చెరుపు మీటదాకా వెళ్లాయి. గడియమ్మ రెండు చేతులనూ ఒడిలో పెట్టుకుని, అయిదు ఖాళీలనూ అయ్యబాబోయ్‌బుడగనూ అలాగే పోనిచ్చింది. తరవాత మూసిన చర్చను తెరిచి రాసింది:

"తుమ్ములరాణిగారికి నమస్కారం. మీ సవరణలో తప్పేమీ లేదు. చాలా బాగుంది. నాకు నా చేత్తో మళ్లీ రాస్తేగాని తోచని జబ్బు ఒకటుంది, అందుకని మొత్తం మార్చేశాను. అది పొరపాటు. మీది మీ పేరుతోనే పెట్టాను. నా రాత కూడా కింద జతచేస్తున్నాను, చూసి ఏది ఉంచాలో మీరే చెప్పండి. ఇంకొకటి. మీది వచ్చినరోజు టీ తాగినంతసేపూ మేం మిమ్మల్నే పొగుడుతూ కూర్చున్నాం. ఆ పొగడ్తలన్నీ మా గోడలు విని ఉబ్బితబ్బిబ్బైపోయాయి. మీకు మాత్రం ఒక్క ముక్కా రాయలేదు."

చివరి వాక్యం టైపు చేస్తూండగా ఆమెకు అసలు రోగం తెలిసింది. తలుపులు బార్లా తెరిచామని సభ పెట్టి మరీ చాటారు. మాట్లాడుకునేది మాత్రం ఇంకా లోపలి గదిలోనే. కొత్తాయన వచ్చేసరికి ఆమె బల్లకు అడ్డంగా నిలబడి ఉంది.

"ఇవాళ్టినుంచీ ఈ గదిలో పుప్పొడి గురించి ఎవరూ నోటితో మాట్లాడకూడదు. ఏమున్నా ఆ చర్చాపుటలో రాయాల్సిందే."

"మీరు నా ఎదురుగానే కూర్చుంటారు కదా మేడమ్!"

"కూర్చుంటాను. మాట్లాడను."

"మరి సార్?"

ఇద్దరూ డాక్టరుగారి గదివైపు చూశారు. మహావృక్షాన్ని కొట్టబోయేముందు కట్టెలవాడు చూసే చూపు అది.

తరవాతి రోజుల్లో ఆ గది చూసినవాళ్లకు అక్కడ ఎవరైనా పోయారేమో అనిపించి ఉంటుంది. ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరు మనుషులు కళ్లెత్తకుండా టకటకలాడించేవారు. కొత్తాయనకు సందేహం వస్తే నోరు తెరిచేవాడు. గడియమ్మ కనుబొమ ఎత్తేది. నోరు మూసి టైపు చేసేవాడు. మొదటిరోజు డాక్టరుగారు తలుపు తోసుకుని, "అమ్మా, నాకొక ఆలోచన..." అని మొదలుపెట్టి, ఇద్దరూ పెదవులమీద వేళ్లు పెట్టుకోవడం చూసి, గుటక వేసి, వెనక్కి వెళ్లి, ఒక్క వేలితో టైపు చేయసాగారు. ఆ టకటక భోజనాల వేళదాకా వినిపించింది. చర్చాపుటలో ప్రత్యక్షమైన ఆయన తొలిపలుకు "ఓ విజ్ఞానపిపాసులారా!" అని మొదలై, సృష్టిలో పరాగరేణువు వహించే పాత్రమీదుగా ప్రయాణించి, ఎక్కడా దిగకుండా ముగిసింది.

కింద తేనెపట్టు రాశాడు: "సార్, నమస్కారమండీ. ఇందులో ప్రశ్న ఎక్కడుందండీ?"

డాక్టరుగారి గదిలో మళ్లీ టకటక. ప్రశ్న ఏమిటంటే, పుప్పొడి అన్న పేరు మరీ పిల్లల పిలుపులా ఉంది, దాన్ని "విశ్వపరాగగణక మహాయంత్రం" అని మారిస్తే ఎలా ఉంటుంది?

"సార్, నేను తేనెపెట్టెల మధ్య నిలబడి పనిచేసుకునేవాణ్ని. ఆ పేరు పలికేలోపు నాలుగు కుడతాయండీ."

గడియమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కొత్తాయన బల్ల కిందికి వంగి, పడని పెన్ను వెతికాడు. ఎంతో సేపటికి డాక్టరుగారి సమాధానం తెరమీద వెలిసింది: "సరే." ఆయన జీవితంలో అంతకు చిన్న ఉపన్యాసం అదివరకు లేదు.

తుమ్ములరాణి జవాబు కూడా వచ్చింది. "పర్లేదండీ. నిజం చెప్పాలంటే మీ రాతే నాదానికన్నా తేటగా ఉంది, మీదే ఉంచుదాం. నా పేరు పక్కన మీ పేరు కూడా వేద్దాం. కానీ అయ్యబాబోయ్ మాత్రం తీయొద్దు. మా ల్యాబులో దానికి అభిమానులున్నారు."

పేరు నిలిచింది. ఆ వెనకే తేనెపట్టు దాచుకున్న సవరణ బయటికి వచ్చింది. అతన్ని చూసి ఎక్కడో పాత ఇటుకబట్టీల మట్టిలో చిక్కిన పుప్పొడిని పరీక్షించే ఒకాయన వచ్చాడు; ఆయన్ను చూసి మరికొందరు. గడియమ్మ, కొత్తాయన పోట్లాడుకునే పోట్లాటలన్నీ ఇప్పుడు వీధిలోనే జరుగుతూండడంవల్ల దారినపోయేవాళ్లు ఆగి వినసాగారు. విన్నవాళ్లు ఊరుకోలేక ఒక మాట వేయసాగారు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఇక్కడ రచ్చకెక్కాకే ఇల్లు బాగుపడింది. తుమ్ములరాణి మాత్రం కొత్తగా వచ్చిన ప్రతివాళ్లనూ పలకరించి, వాళ్ల సవరణలు ఓపిగ్గా చదివి, ఎక్కడ బాగుందో ముందు చెప్పి, ఎక్కడ బాగాలేదో తరవాత చెప్పేది. ఆ వరస గడియమ్మ చాలాసేపు పరిశీలించింది. తాను ఎప్పుడూ రెండోదానితోనే మొదలుపెట్టి, మొదటిదాకా వచ్చేసరికి అలిసిపోయేది.

ఆఖరి రోజుకు ముందురోజు ఆమె తుమ్ములరాణికి తాళం ఇచ్చింది. ఎవరి సవరణ లోపలికి పోవాలో, ఎవరిది ఆగాలో తేల్చే అధికారం అది. పైవాళ్లు అడిగిన బయటి మనిషి దొరికినట్టే. ఇన్నాళ్లూ భూమ్మీద దాన్ని ధరించినది గడియమ్మ ఒక్కతే. ఆ సంగతి చర్చాపుటలో చూడగానే కొత్తాయన మౌనవ్రతం భగ్నమైంది.

"ముక్కూ మొహం తెలీని మనిషికి తాళమిస్తారా మేడమ్? నేను ఇన్నేళ్లనుంచీ ఇక్కడే ఉన్నాను, నాకెప్పుడైనా ఇచ్చారా?"

"నువ్వు అడిగావా?"

"అడిగితే ఇచ్చేవారా?"

గడియమ్మ నిజాయితీగా ఆలోచించింది. "ఇచ్చేదాన్ని కాదు," అంది. "ఇదిగో, నీక్కూడా ఇస్తున్నాను. తీసుకో."

కొత్తాయన తన తెరవైపు తిరిగి, "తీసుకున్నాను" అని చర్చాపుటలో టైపు చేశాడు. ఈసారి అది నియమంకోసం కాదు.

ఆఖరి రోజు రానే వచ్చింది. డాక్టరుగారు తమ పుస్తకాలను పెట్టెల్లో సర్దుతూ ఒక్కొక్కదానికీ వీడ్కోలు పలుకుతున్నారు. గడియమ్మ సొరుగులు ఖాళీ చేసి, బల్ల తుడిచి, చివరిసారిగా కంప్యూటరు ముందు కూర్చుంది. పుప్పొడికి తన చేత్తో ఒక్క కానుక ఇచ్చి వెళ్లాలని ఆమె మూడుపూటలుగా రహస్యంగా రాసుకున్నది ఒకటుంది: లెక్కింపు నడకంతా మార్చి, ఒక ఫొటోకు పట్టే సమయాన్ని సగానికి సగం తగ్గించింది. అందులో ఒక్క ఖాళీ ఎక్కువ లేదు. నేరుగా లోపలికి పంపే అధికారం సాయంత్రందాకా ఆమెకుంది. అయినా అందరిలాగే వరసలో పెట్టి పంపి, చేతులు కట్టుకుని కూర్చుంది.

మధ్యాహ్నానికి జవాబు వచ్చింది. తుమ్ములరాణి.

"వేగం అదిరిందండీ. మా పాత కంప్యూటరుమీద కూడా పరిగెత్తింది. కానీ ఇది ఇలాగే తీసుకోలేం. దీంతో రేణువు చుట్టూ గీసే వలయం పోతోంది. మా దగ్గర డాక్టర్లు ఆ వలయాలమీద వేలుపెట్టి చూపిస్తేనే రోగులు నమ్ముతారు. వలయాలు లేకపోతే లెక్క ఉత్త అంకె అయిపోతుంది. ఆ ముక్క సరిచేసి మళ్లీ పంపండి, చూద్దాం."

గడియమ్మ మొహం ఎర్రబడింది. కొత్తాయన తన తెరమీద చదివి, మెల్లగా తల ఎత్తాడు. పెట్టెల మధ్యనుంచి డాక్టరుగారు ఊడిపడ్డారు. ఆయన కూడా చదివారు.

"ఎవరమ్మా ఆవిడ, నీకు వద్దని చెప్పడానికి! ఇన్నాళ్లూ దీన్ని కంటికి రెప్పలా కాచిందెవరు?"

"మేడమ్," అన్నాడు కొత్తాయన గొంతు తగ్గించి, "సాయంత్రందాకా తాళం మీ దగ్గర కూడా ఉంది. ఒక్క మీట."

"నొక్కమ్మా!" అన్నారు డాక్టరుగారు. "కుడివైపు పెద్దది!"

గడియమ్మ వేలు మీటమీదికి వెళ్లింది. నొక్కితే చాలు, ఆవిడ మాట ఎటూ కాకుండా పోతుంది, పుప్పొడి మళ్లీ తనదవుతుంది. ఈ ఒక్క సాయంత్రానికి. ఆమె ఆ జవాబంతా మళ్లీ చదివింది. తీసుకోలేం, అంది. మా దగ్గర, అంది. చూద్దాం, అంది. ఆ "చూద్దాం"లో ఎవరెవరున్నారో లెక్కపెట్టబోయింది. తేనెపట్టు ఉన్నాడు, ఇటుకబట్టీలాయన ఉన్నాడు, వలయాలమీద వేళ్లు పెట్టే డాక్టర్లూ, నమ్మే రోగులూ ఉన్నారు. లెక్క తేలలేదు. ఈ గదిలో దీపం ఆర్పేసి వెళ్లినా ఆగని వాళ్లు వీళ్లంతా. మీటమీద వేలు దానంతటదే పక్కకు జరిగింది.

అప్పుడే ఆ జవాబు కింద మరొకటి వచ్చింది. ఎవరో ఇసుకతిన్నెట, నిన్ననే వచ్చిన మనిషి, పుప్పొడి ఎవరు పుట్టించారో, ఎక్కడ పుట్టిందో తెలియనివాడో తెలియనిదో.

"గడియమ్మగారూ, మీరు కొత్తగా వచ్చినట్టున్నారు. నిరుత్సాహపడకండి. నా మొదటి సవరణ కూడా నిన్న ఇలాగే తిప్పి పంపారు. ఇక్కడివాళ్లు మంచివాళ్లే, కాస్త పట్టుదల మనుషులంతే. వలయాల సంగతి తెలియకపోతే అడగండి, నేను సాయం చేస్తాను."

కొత్తాయన అది పైకి చదువుతూ సగంలో ఆగిపోయి, భయంభయంగా ఆమెవైపు చూశాడు. డాక్టరుగారు కళ్లజోడు తీసి తుడిచి, మళ్లీ పెట్టుకుని చదివారు. గడియమ్మ కుర్చీలో వెనక్కి వాలి, రెండు చేతులతో మొహం కప్పుకుంది. భుజాలు ఊగుతున్నాయి. ఏడుస్తోందేమోనని కొత్తాయన నీళ్ల సీసా అందుకోబోయాడు. చేతులు తీసింది, నవ్వుతోంది, కళ్లవెంట నీళ్లు కారేలా నవ్వుతోంది. ఆ నవ్వు ముందు కొత్తాయనకు, తరవాత డాక్టరుగారికి అంటుకుంది. బిస్కెట్లున్నాయేమోనని పక్క విభాగంవాళ్లు తొంగిచూశారు.

నవ్వునుంచి తేరుకున్నాక గడియమ్మ రెండు వాక్యాలు టైపు చేసింది: "ధన్యవాదాలండీ, నిరుత్సాహపడను. ఇంటికి వెళ్లి వలయాలు సరిచేసి పంపుతాను, ఎక్కడైనా తట్టకపోతే మిమ్మల్నే అడుగుతాను."

కంప్యూటరు ఆపింది. సామానుగది మనిషి వచ్చి దాన్ని చంకనపెట్టుకుని పోయాడు. అందులో ఇక ఏమీ లేదు, పుప్పొడి ఎప్పుడో వీధిలోకి కాపురం మార్చేసింది.

కింద వీధిలో ఆమె భర్త పెట్టె తీసుకువెళ్లడానికి స్కూటరు తెచ్చి నిలబడి ఉన్నాడు. చివరిరోజు గదా, కళ్లనీళ్లతో దిగుతుందని, పలకాల్సిన ఓదార్పు మాటలు దారిపొడవునా కూడగట్టుకుని వచ్చాడు. మెట్లమీద భార్య మొహం చూసేసరికి అవన్నీ కొరగాకుండా పోయాయి.

"ఏంటోయ్, ప్రమోషనిచ్చారా?"

"లేదండీ. నేను పంపింది బాగాలేదని తిప్పి పంపేశారు."

"నీదా! పుప్పొడిలోనా! ఎవరు?"

"ఎవరో!" అంది గడియమ్మ, పెట్టె అతని చేతుల్లో పెడుతూ. ఒక మహారాజ్ఞి బిరుదును నిండుసభలో చదివినట్టు, ప్రతి అక్షరమూ నిలిపి, మళ్లీ అంది: "ఎవరో అండీ!"